నాన్నగారితో ఆరువందల మైళ్ల పందెం

మా నాన్నగారు ఆర్టీసీలో 31 సంవత్సరాలు డ్రైవరుగా పనిచేశారు. అందులో చివరి 11 ఏళ్లు తిరుమల ఘాట్ బస్సులు నడిపారు. 2025 వేసవిలో ఆయన మా ఇంటికి, అంటే అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌కు, వచ్చినప్పుడు ఇక్కడికి దగ్గరలో ఉన్న కాన్‌కర్డ్ పట్టణంలో జరిగే కోకాకోలా 600 అనే కారు పందేనికి తీసుకువెళ్లాను. గుండ్రటి దారిలో ఎప్పుడూ ఎడమవైపే తిరిగే కార్లను గంటల తరబడి ఏం చూస్తారని ఇక్కడి మనవాళ్లు తరచూ అడుగుతుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అడిగాను. ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరికిన సాయంత్రం అది, ఆ జవాబులో సగానికి పైగా నాన్నగారి నుంచే వచ్చింది.

నిజానికి ఆ పందేనికి వెళ్లడం నాకు అది రెండవసారి. 2024 మే నెలలో మావారితో కలిసి వెళ్లి, సగానికి కాస్త ఎక్కువ చూసి, వానలో తడిసి తిరిగి వచ్చాను. ఆ ఏడాది 400 ల్యాపులకు, అంటే చుట్లకు, గాను 249 పూర్తయ్యేసరికి వాన పడి పందెం ఆగింది. రాత్రి చాలా పొద్దుపోయేదాకా దారి ఆరబెట్టడానికి ప్రయత్నించి, వీలుకాక అక్కడితోనే ముగించి, అప్పటికి ముందున్న క్రిస్టఫర్ బెల్‌ను విజేతగా ప్రకటించారు. సగం దూరం దాటాక ఆగిపోతే ఆ ఫలితమే చెల్లుతుంది. అంతకు ముందటి ఏడాది ఇదే పందెం వాన మూలంగా సోమవారానికి వాయిదా పడింది. ఇంత పెద్ద ఓవల్ (అండాకారపు) ట్రాకు మీద తడిలో నడపరు, ఎందుకంటే ఈ కార్ల టైర్లకు గాళ్లు ఉండవు, నున్నగా ఉంటాయి. వాటికింద నీరు చేరితే కారు పట్టు తప్పి నేరుగా గోడను కొడుతుంది.

వాన సంగతి అలా ఉంచితే, మొదటిసారి నేను చేసిన తప్పులు వేరే ఉన్నాయి. కార్లు దగ్గరగా కనిపిస్తాయన్న ఆశతో కింది వరసలో సీట్లు కొన్నాను. అక్కడినుంచి కారు ఒక్క క్షణం కళ్ల ముందు గీతలా పోతుంది, తర్వాత అవతలి వైపు ఏం జరుగుతున్నదో ఏమీ తెలియదు. చెవులలో దూది పెట్టుకుంటే చాలనుకున్నాను. మర్నాడంతా చెవులు హోరెత్తాయి. అన్నింటికంటే పెద్ద తప్పు, ఎవరిని చూడాలో తేల్చుకోకుండా నలభై కార్లనూ ఒకేసారి చూడబోవడం. మా ఆఫీసులో చిన్నప్పటినుంచి ఈ పందేలు చూస్తూ పెరిగిన పెద్దాయన ఒకరున్నారు. నా గోడు మొత్తం విని, పై వరసలలో కూర్చోమని, డ్రైవర్లు తమ జట్టుతో మాట్లాడుకునే మాటలు వినిపించే స్కానర్ అద్దెకు తీసుకోమని, ఒకే ఒక్క కారును ఎంచుకుని మొదటినుంచి చివరిదాకా దానినే వెంబడించమని చెప్పారు. రెండవసారి ఆ మూడూ అక్షరాలా పాటించాను. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు ఇద్దరికీ తీసుకున్నాను. స్కానర్ ఒకటే అయినా దానికి రెండు హెడ్‌ఫోన్లు తగిలించవచ్చు. తినడానికి పులిహోర, పెరుగన్నం, మజ్జిగ మిరపకాయలు కూలర్ బ్యాగులో సర్దుకుని 2025 మే 25, ఆదివారం మధ్యాహ్నమే బయలుదేరాం. పందెం సాయంత్రం ఆరు దాటాక మొదలవుతుంది గాని, ముందుగా వెళ్లి పాసు తీసుకున్నవాళ్లను కాసేపు ట్రాకు మీద నడవనిస్తారు. నాన్నగారికి అది చూపించాలని నా కోరిక.

ఈ పందెం జరిగే షార్లెట్ మోటార్ స్పీడ్‌వే 1960లో కట్టినది. ఒక చుట్టు ఒకటిన్నర మైళ్లు, మన లెక్కలో 2.4 కిలోమీటర్లు. నాలుగు వందల చుట్లకు 600 మైళ్లు, అంటే దాదాపు 965 కిలోమీటర్లు. తిరుపతి నుంచి హైదరాబాదు చేరి, తిరుగు ప్రయాణంలో ముప్పాతిక దారి వచ్చినంత దూరమని నాన్నగారు అక్కడికక్కడే లెక్క చెప్పారు. పేరుకు ఓవల్ అయినా, ముందువైపు నేరు దారి మధ్యలో రెండు చోట్ల స్వల్పంగా వంగి ఉంటుంది. మలుపుల దగ్గర దారి 24 డిగ్రీల వాలుతో, బయటి అంచు బాగా ఎత్తుగా, లోపలి అంచు పల్లంగా ఉంటుంది. టీవీలో ఈ వాలు సరిగ్గా తెలియదు. దగ్గరకు వెళ్లి నిలబడితే, దాని మీద నడవడానికి ఒళ్లు ముందుకు వంచవలసి వస్తుంది. నాన్నగారు మలుపు అంచున ఆగి, చెప్పు అంచుతో తారును రాసి చూసి, "ఘాట్ రోడ్డులో కూడా మలుపు బయటివైపు ఎత్తు చేస్తారమ్మా, కానీ ఇంత కాదు. ఇక్కడ బండి మెల్లగా పోతే కిందికి జారుతుంది, గట్టిగా పోతేనే దారిని అంటిపెట్టుకుంటుంది," అన్నారు. ఇంజనీర్లు బొమ్మలు గీసి చెప్పే సంగతే అది. వేగంగా తిరిగే కారును బయటికి నెట్టే బలంలో కొంత భాగాన్ని ఆ వాలు కారును నేలకు అదిమే బలంగా మారుస్తుంది. అందువల్లనే ఒకటిన్నర మైళ్ల చుట్టును ఆ కార్లు దాదాపు అర నిమిషంలో పూర్తి చేయగలుగుతాయి.

కార్ల దగ్గర ఆయనకు మరొక ఆశ్చర్యం ఎదురైంది. నెంబరు వేసిన ఒక కారు ముందు వంగి, హెడ్‌లైట్ మీద వేలు పెట్టి చూసి, "ఇది లైటు కాదమ్మా, అంటించిన బొమ్మ," అన్నారు. నిజమే. ఈ కార్లను స్టాక్ కార్లు అంటారు గాని, ఆ పేరు షోరూములో అమ్మే కారునే నడిపిన రోజులనాటిది. ఈ పందేలు నడిపే నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది. మామూలు కార్లతోనే జరగాలన్న కట్టుబాటుతో దాని మొదటి పోటీ 1949 జూన్ 19న ఈ షార్లెట్‌లోనే, ఇప్పటిది కాక ముప్పావు మైలు మట్టి ట్రాకు మీద జరిగింది. ఆ రోజు అందరికంటే ముందు వచ్చిన గ్లెన్ డనవే కారులో వెనుక స్ప్రింగులు మార్చి ఉన్నాయని తనిఖీలో తేలడంతో అతనిని తప్పించి, రెండవవాడైన జిమ్ రోపర్‌ను విజేతను చేశారు. ఆ కారు అంతకు ముందు దొంగసారా మోయడానికి వాడినది, బరువుకు వెనుకభాగం కుంగకుండా స్ప్రింగులు గట్టిపరిచారు. ఈ కొండప్రాంతాలలో పోలీసులకు చిక్కకుండా నాటుసారా తరలించిన కుర్రవాళ్ల నేర్పే ఈ ఆటకు వేరని నేను చెబితే, నాన్నగారికి అది వింతగా తోచలేదు. మా జిల్లాలో సారా బండ్ల కథలు ఆయన చాలా విన్నారు.

ఇప్పటి కార్లు షెవర్లే, ఫోర్డ్, టయోటా కంపెనీల రూపురేఖలతో ఉంటాయి గాని, లోపల అంతా పందేనికే తయారైనవి. తలుపులు తెరుచుకోవు, డ్రైవరు కిటికీలో నుంచి దూరతాడు. ఇటువంటి ట్రాకుల మీద 670 హార్స్ పవర్ ఇచ్చే వి8 ఇంజను ఉంటుంది. 2022లో వచ్చిన కొత్త రకం కారులో చక్రానికి ఒకే ఒక నట్టు. అంతకు ముందు అయిదు ఉండేవి.

ఈ పందెం మెమోరియల్ డే ముందురోజున జరుగుతుంది. యుద్ధాలలో చనిపోయిన సైనికులను అమెరికన్లు తలచుకునే రోజు అది. ఆ ఒక్క పందెంలో ప్రతి కారు ముందు అద్దం మీద డ్రైవరు పేరు ఉండవలసిన చోట ఒక అమరుడైన సైనికుని పేరు ఉంటుంది. నాన్నగారు ఆ పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివి, అవి నడిపేవాళ్లవి కావని నేను చెప్పాక మళ్లీ మొదటినుంచి చదివారు.

సీట్లలో కూర్చున్న తర్వాత ఏ కారును ఎంచుకుందామని అడిగాను. ఆయన నన్ను ఎదురు అడిగిన ప్రశ్న, "అందరికంటే వెనక ఉన్నది ఎవరు?" అని. నలభైవ స్థానంలో, చిట్టచివర ఉన్నది ఒకటో నెంబరు కారు, డ్రైవరు రాస్ చాస్టెయిన్. ముందురోజు ప్రాక్టీసులో టైరు పోయి కారు గోడను కొట్టడంతో అది పనికిరాకుండా పోయింది. జట్టువాళ్లు రాత్రికి రాత్రి మరొక కారును సిద్ధం చేసి తెచ్చారు. ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో పాల్గొనలేదు గనుక చివరినుంచి మొదలు పెట్టాలి. ఇదంతా చెప్పాక నాన్నగారు, "రాత్రంతా మేలుకున్న మెకానిక్కుల బండి అది. దాన్నే చూద్దాం," అన్నారు. డిపోలో నైట్ డ్యూటీ మెకానిక్కులంటే ఆయనకు ఎంత గౌరవమో ఇంట్లో మాకందరికీ తెలుసు.

పచ్చజెండా ఊపిన క్షణం గురించి చాలామంది చాలా రకాలుగా చెబుతారు. నాకు తెలిసినంతవరకు ఆ శబ్దం చెవితో వినేది కాదు. నలభై ఇంజన్లు ఒక్కసారిగా బిగబట్టి లాగినప్పుడు కూర్చున్న అల్యూమినియం బల్ల వణుకుతుంది, ఛాతీలో ఎవరో అరచేతితో చరిచినట్టుంటుంది, ఒడిలో పెట్టుకున్న స్టీలు డబ్బా మూత దానంతటదే గలగలలాడుతుంది. నాన్నగారు ఆ మూత మీద చెయ్యి వేసి పట్టుకుని, ట్రాకు వైపే చూస్తూ ఉండిపోయారు.

మొదటి ఇరవై, ముప్ఫై ల్యాపులు ఎవరికైనా అయోమయంగానే ఉంటాయి. ట్రాకు మధ్యలోని ఎత్తైన స్తంభం మీద స్థానాల వారీగా నెంబర్లు మారుతుంటాయి. ముందు దానిని చదవడం అలవాటు చేసుకోవాలి. స్కానర్‌లో వినిపించే మాటలలో ఎక్కువ భాగం స్పాటర్‌వి. ప్రతి కారుకూ ఒక స్పాటర్ స్టేడియం పైకప్పు మీద నిలబడి, డ్రైవరుకు కనిపించనిదంతా చెబుతుంటాడు. తలకు కట్టిన పట్టీలు, సీటు రెక్కలు అడ్డువచ్చి డ్రైవరు పక్కకు తిరిగి చూడలేడు. లోపలివైపు కారు ఉంటే "ఇన్‌సైడ్" అని, దాటిపోతే "క్లియర్" అని, రెప్పపాటు ఆలస్యం లేకుండా గంటల తరబడి చెబుతూనే ఉంటారు. "రైట్... రైట్... పోనీ" అంటూ వెనకనుంచి బస్సును దారిలో పెట్టే మన కండక్టర్ల మాట నాకు గుర్తుకు వచ్చింది. నాన్నగారికి ఇంగ్లీషు అంతగా రాకపోయినా, ఆ రెండు మాటలూ పావుగంటలో పట్టేశారు. కారు పక్కకు జరగకముందే "ఇప్పుడు క్లియర్" అని నాకు చెప్పసాగారు.

ఆ సాయంత్రం మొదట్లో ముందున్నది కైల్ లార్సన్. అదే రోజు మధ్యాహ్నం ఇండియానాపొలిస్ 500 పందెంలో పాల్గొని, అక్కడ ప్రమాదం వల్ల మధ్యలోనే తప్పుకుని, విమానంలో వచ్చి ఇక్కడ కారెక్కాడు. రెండు పందేలు కలిపి 1,100 మైళ్లు. ఒకే రోజున ఆ మొత్తం దూరాన్ని పూర్తి చేసినవాడు అప్పటివరకు ఒక్కడే, టోనీ స్టీవర్ట్, 2001లో. లార్సన్ ఇక్కడ కూడా తొలిదశలోనే అదుపు తప్పి గిర్రున తిరిగి వెనుకబడ్డాడు, తర్వాత మరొక ప్రమాదంలో చిక్కుకుని పూర్తిగా తప్పుకోవలసి వచ్చింది. "పొద్దుటినుంచి స్టీరింగ్ పట్టుకున్న మనిషిని మళ్లీ డ్యూటీ ఎక్కించకూడదు," అన్నారు నాన్నగారు. డబుల్ డ్యూటీలు చేసి చేసి చెప్పిన మాట అది. అయినా ఆ ప్రయత్నానికి తలవంచాలనే నేను అనుకుంటాను.

అసలు విషయం టైర్లలో ఉంది. ఇది తెలియనంతవరకు ఓవల్ పందెం ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ చూసినట్టుగా ఉంటుంది. ఎప్పుడూ ఎడమకే తిరగడం వల్ల బరువంతా కుడివైపు చక్రాల మీద పడుతుంది. కుడి ముందు టైరు అన్నింటికంటే ఎక్కువగా అరుగుతుంది. అందుకే కుడివైపు టైర్లకు, ఎడమవైపు టైర్లకు వాడే రబ్బరు మిశ్రమం కూడా వేరు. కొత్త టైర్లతో ఉన్న కారు ఒకలాగా, ముప్ఫై ల్యాపులు తిరిగిన కారు ఒకలాగా నడుస్తుంది. స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగక బయటి గోడ వైపు పోతుంటే కారు "టైట్" అంటారు. ముందు తిరిగి, వెనుకభాగం పక్కకు జారబోతుంటే "లూజ్" అంటారు. స్కానర్‌లో డ్రైవర్లు తమ జట్టుకు చెప్పుకునే బాధ ముప్పావు వంతు ఈ రెండు మాటలే. టైట్ కారు మలుపు మధ్యలో ఎలా పైపైకి పోతుందో, లూజ్ కారు మలుపునుంచి బయటపడేటప్పుడు తోక ఎలా ఊపుతుందో పై వరసలోనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. ఇది ఒకసారి కంటికి అలవాటైతే, ఏ కారు మరో పది ల్యాపులలో వెనుకబడబోతున్నదో ముందే చెప్పవచ్చు. నాన్నగారు చెప్పారు కూడా. ఫలానా కారు ముందు టైర్లు అయిపోయాయి, ఇక ఎక్కువసేపు ఆగలేడు అన్నారు. మూడు, నాలుగు ల్యాపుల్లోనే దానిని రెండు కార్లు దాటేశాయి.

అరిగిన రబ్బరు ముక్కలుగా రాలి, ట్రాకు బయటి అంచున గోళీల మాదిరిగా పోగవుతుంది. కార్లు నడిచే గీత నల్లగా, దాని పైభాగం రబ్బరు తునకలతో నిండి ఉంటుంది. పైకి పోయిన కారు ఆ తునకల మీద జారుతుంది. కిందటి ఏడాది కింది వరసలో కూర్చున్నప్పుడు అవి మా మీద కూడా పడ్డాయి. బియ్యపుగింజంత ముక్క ఒకటి నా చేతి మీద పడితే ఇంకా వెచ్చగా ఉంది, నలిపితే మెత్తగా సాగింది. దాన్ని ఇంట్లో దాచి ఉంచాను. నాన్నగారికి చూపించినప్పుడు వాసన చూసి, ఇది మన రీట్రెడ్ రబ్బరు కాదు, చాలా మెత్తనిది, త్వరగా పట్టుకుని త్వరగా పోయే రకం అన్నారు.

ఇక పిట్ స్టాప్. ఇంధనానికి, టైర్లకు కార్లు లోపలి దారిలోకి వస్తాయి. అక్కడ వేగపరిమితి ఉంది, మీరితే శిక్ష ఉంది. కారు తన గడిలో ఆగేలోపే అయిదుగురు గోడ దూకుతారు. ఒకరు జాకీతో, ఇద్దరు నట్లు విప్పే గన్నులతో, ఒకరు టైర్లతో, ఒకరు ఇంధనం డబ్బాతో. జాకీ ఒక్క ఊపుతో కారు కుడివైపు లేస్తుంది, రెండు చక్రాలు మారతాయి, అందరూ కారు ముందునుంచి చుట్టి ఎడమవైపుకు పరుగెడతారు, మళ్లీ అదే పని. నిండు డబ్బా 40 కిలోల దాకా ఉంటుంది, దాన్ని భుజం మీద ఎత్తి పట్టుకుని కారు ఇంధన ట్యాంకు మూతికి ఆనించాలి. నాలుగు టైర్లూ మారడానికి పది సెకన్లు. నాన్నగారు మొదటిసారి చూసినప్పుడు ఏమీ అనలేదు. రెండవసారి వాచీ చూసుకున్నారు. మూడవసారి, నడిదారిలో అర్ధరాత్రి వానలో ఒక్క చక్రం పది నట్లు విప్పి స్టెప్నీ వేయడానికి ఆయనకూ కండక్టరుకూ ముప్పావుగంట పట్టిన సంగతి చెప్పారు. ఆ కథ నేను చిన్నప్పటినుంచి విన్నదే. కానీ ఆ రోజు తన అరచేతులు చాపి, వీల్ స్పానర్ మీద ఎక్కి తొక్కేటప్పుడు చర్మం లేచిన చోటు చూపించారు. అది నేను ఇంతకు ముందు చూడలేదు.

ఇంధనం విషయంలో నేను ఆయనకు చెప్పవలసిన అవసరమే రాలేదు. ఆర్టీసీలో ప్రతి డ్రైవరుకూ కేఎంపీఎల్ లెక్క ఉంటుంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తీశాడన్నది డిపోలో బోర్డు మీద పడుతుంది. ముందున్న లారీ వెనుక గాలి తగలకుండా పోవడం, మలుపుకు ముందే యాక్సిలరేటర్ వదిలి బండిని దాని ఊపు మీదనే పోనివ్వడం వంటివి ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడి డ్రైవర్లు కూడా ఇంధనం మిగల్చవలసి వచ్చినప్పుడు చేసేది అదే. అయితే ముందున్న కారు వెనుక పోవడంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేరు దారిలో అది లాభమే గాని, మలుపులో ముందు కారు చెదరగొట్టిన గాలి వెనుక కారు ముక్కును సరిగా నేలకు అదమదు. అందువల్ల వెనుక ఉన్నవాడు టైట్ అవుతాడు, ముందున్నవాడు నిర్మలమైన గాలిలో హాయిగా పోతాడు. ఒకసారి ముందు స్థానం చిక్కినవాడిని దాటడం ఎందుకు కష్టమో దీనివల్లనే తెలుస్తుంది. ఆ సాయంత్రం ఆ స్థానం చిక్కించుకున్నవాడు విలియం బైరన్, షార్లెట్ కుర్రవాడే. 400 ల్యాపులలో 283 ల్యాపులు అతనే ముందున్నాడు.

ఈ పందేన్ని వందేసి ల్యాపుల నాలుగు భాగాలుగా, అంటే స్టేజీలుగా, నడుపుతారు. మిగతా పందేలకు మూడే. స్టేజీ చివర మొదటి పదిమందికి పాయింట్లు ఇచ్చి, పసుపుజెండాతో అందరినీ మళ్లీ దగ్గరకు చేరుస్తారు. సంపాదించుకున్న ఆధిక్యం జెండా ఊపి తుడిచేయడం అన్యాయమని 2017లో ఈ పద్ధతి వచ్చినప్పటినుంచి వాదించేవాళ్లున్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. రెండేళ్లు చూశాక నా అభిప్రాయం కొంత మారింది. ఇంత పొడవైన పందెంలో వెనుకబడినవాళ్లకు కారును సరిదిద్దుకునే అవకాశం ఆ విరామాలలోనే దొరుకుతుంది. మా ఒకటో నెంబరు కారు ఒక్కొక్క విరామానికీ కొన్ని స్థానాలు పైకి రావడం నాన్నగారు వేళ్ల మీద లెక్కపెడుతూ వచ్చారు. మొదటి మూడు స్టేజీలనూ గెలిచింది మాత్రం బైరనే.

రెండవ స్టేజీ ముగిసి, 200 ల్యాపులు పూర్తయ్యాక జరిగినది ప్రత్యేకంగా చెప్పాలి. కార్లన్నీ పిట్ రోడ్డులోకి వచ్చి వరసగా నిలిచాయి, ఇంజన్లు ఆపేశారు. జట్టువాళ్లు గోడ పక్కన నిలబడి టోపీలు తీశారు. అంతసేపు బల్లలను వణికించిన శబ్దం తెగిపోయేసరికి చెవులలో ఒక రకమైన గాలి మిగిలింది. అన్ని వేలమంది లేచి నిలబడితే వినిపించింది జెండా గుడ్డ రెపరెపలూ, ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపూ మాత్రమే. నాన్నగారు హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఆయన పెదవులు కదులుతుండడం చూశాను. మధ్యాహ్నం చదివిన పేర్లలో గుర్తున్నవి చెప్పుకుంటున్నారని తర్వాత అడిగితే తెలిసింది.

పొద్దు వాలాక పందెం మారుతుంది, ఈ పందెం ప్రత్యేకత కూడా అదే. ఎండ ఉన్నప్పుడు తారు వేడిగా, జారుడుగా ఉంటుంది. చీకటి పడి దారి చల్లబడ్డాక పట్టు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది. సాయంత్రానికి సరిపోయిన కారు రాత్రికి సరిపోదు. అందుకని జట్టువాళ్లు ప్రతి ఆగింపులోనూ టైర్ల గాలిని, వెనుక స్ప్రింగు బిగింపును కొద్దికొద్దిగా మారుస్తూ, రాని చీకటిని ఊహించుకుంటూ పనిచేస్తారు. 1992లో ఇక్కడ దీపాలు అమర్చారు. ఇంత పెద్ద ట్రాకు మీద రాత్రిపూట పందెం నడపడం దానితోనే మొదలయింది. దీపాల కింద పక్కపక్కన దూసుకుపోయే కార్ల రంగులు పగటికంటే చిక్కగా కనిపిస్తాయి. మలుపులోకి దిగేటప్పుడు కింద నేలను రాసుకుని నిప్పురవ్వలు లేస్తాయి. మేము పెరుగన్నం తిన్నది ఆ సమయంలోనే. నాన్నగారు ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా ట్రాకు మీదనుంచి చూపు మరల్చలేదు.

చివరి వంద ల్యాపులలో పోటీ బైరన్, డెన్నీ హామ్లిన్‌ల మధ్యనే సాగింది. ఇద్దరూ ఒకరినొకరు దాటుకుంటూ పోతుంటే, మా కారు నెమ్మదిగా వాళ్ల వెనక చేరింది. ఆఖరి ఆగింపులో హామ్లిన్ కారులోకి ఇంధనం సరిపడా ఎక్కక, అతను మళ్లీ పిట్‌లోకి రావలసి వచ్చింది. ఎంత బాగా నడిపినా డబ్బా సరిగ్గా ఆనకపోతే అంతా పోతుంది. నాకు అతని మీద జాలి కలిగింది. ఇక మిగిలినది బైరన్, అతని వెనక ఒకటో నెంబరు కారు.

ముందున్నవాడికి నిర్మలమైన గాలి ఉంటుందని చెప్పాను గదా. వెనుకబడిన కార్లను దాటవలసి వచ్చినప్పుడు మాత్రం అతనికీ గాలి చెదురుతుంది. అప్పుడే వెనకవాడు దగ్గరవుతాడు. మధ్య దూరం ఒక్కొక్క ల్యాపుకూ కొంచెం తగ్గుతూ వచ్చింది. చుట్టూ జనమంతా లేచారు, మేమూ లేచాం. నాన్నగారు కుడికాలితో బల్ల కింద నొక్కుతున్నారు, మలుపు వచ్చినప్పుడల్లా కాలు ఎత్తుతున్నారు, మళ్లీ నొక్కుతున్నారు. తను అలా చేస్తున్నానని ఆయనకు తెలియదు. ఇంకా ఆరు ల్యాపులు మిగిలి ఉండగా చాస్టెయిన్ బైరన్‌ను దాటాడు. నాన్నగారి చెయ్యి నా భుజం మీద పడింది. "క్లియర్," అన్నారు, స్కానర్‌లో వినపడకముందే. ఆ తర్వాతి ఆరు ల్యాపులూ ఆయన ఊపిరి పీల్చారో లేదో నాకు తెలియదు. సెకను కంటే తక్కువ తేడాతో, నలభైవ స్థానంలో మొదలైన కారు మొదట వచ్చింది. ఈ పందెం చరిత్రలో చిట్టచివరి స్థానం నుంచి మొదలుపెట్టి గెలిచినవాడు అంతకు ముందు లేడు.

బైరన్ గురించి కూడా నేను చాలాసేపు ఆలోచించాను. మూడు స్టేజీలూ గెలిచి, 283 ల్యాపులు ముందుండి, సొంత ఊళ్లో ఆరు ల్యాపుల దూరంలో పోగొట్టుకోవడం చిన్న బాధ కాదు. అతను తప్పు చేసినట్టు నాకు ఎక్కడా కనపడలేదు.

విజేత గీత దగ్గర కారు ఆపి, కిటికీలోనుంచి బయటకు వచ్చి పైకెక్కాడు. ఎవరో ఒక పుచ్చకాయ అందించారు. చాస్టెయిన్‌ది ఫ్లోరిడాలో ఎనిమిది తరాలుగా పుచ్చకాయలు పండించే రైతుకుటుంబం. గెలిచిన ప్రతిసారీ ఒక కాయను ట్రాకు మీద పగలగొట్టడం అతని అలవాటు. అతను రెండు చేతులతో కాయను తలపైకి ఎత్తి కిందకు విసిరాడు. దీపాల వెలుగులో నల్లటి తారు మీద ఎర్రటి గుజ్జు నలువైపులకూ చిందింది. నాన్నగారు రెండు చేతులూ జోడించారు. దసరాకు డిపోలో ఆయుధపూజ నాడు బస్సులన్నీ కడిగి, అరటిపిలకలు కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, మొదటి బస్సు బయలుదేరే ముందు దాని ఎదుట కుంకుమ నింపిన గుమ్మడికాయ పగలగొడతారు. నేను చిన్నప్పుడు ఆయన వెంట వెళ్లి చూసేదాన్ని. కాయ పగిలిన వెంటనే నాన్నగారే వంగి ముక్కలన్నీ ఏరి పక్కకు వేసేవారు. దారి మీద వదిలేస్తే వెనక వచ్చే రెండు చక్రాల బండ్లు జారిపడతాయని ఆయన భయం.

జనం కదిలారు. మేమూ డబ్బాలు సర్దుకుని మెట్లు దిగసాగాం. నాన్నగారు మెట్టుకొకసారి ఆగి, వెనుదిరిగి, ఎవరైనా ఆ ముక్కలు తీస్తున్నారా అని చూస్తూనే ఉన్నారు.